తప్పిన కీలు

ఆదివారం పొద్దున ఏడు కాకముందే కండక్టరమ్మకి మెలకువ వచ్చింది గానీ కదల్లేదు. కదిలే వీల్లేదు. రెండు మోకాళ్ళ మధ్య ఇటుకంత గట్టి దిండు, దాన్ని కాళ్ళకి కలిపి బిగించిన పట్టీలు. ఎవరో ఒకరు వచ్చి ఆ పట్టీలు విప్పేదాకా పక్కకి ఒత్తిగిలడం కూడా నేరమే. వెల్లకిలా పడుకుని, ముందుగదిలో గడియారాలు ఒకదాని వెనక ఒకటి ఏడు కొట్టడం విని, "ఏమండీ, లేచాను," అని కేకేసింది.

ముందుగదే ఆయన కొట్టు. వీధి కిటికీ పక్కన బల్ల వేసుకుని నలభై ఏళ్ళుగా వాచీలు, గడియారాలు బాగుచేస్తున్నాడు. కంటికి పెట్టుకునే భూతద్దం నుదుటి మీదికి తోసుకుని అలాగే వచ్చాడు.

"నిద్దట్లో కాలు కదిపావా?" అన్నాడు పట్టీలు విప్పుతూ.

"కదపడానికి కాలెక్కడుంది? దిండుకి కట్టేశారుగా."

"సరే, నెమ్మదిగా. ముందు మోచేతుల మీద లే."

మోచేతుల మీద లేచింది. ఆపరేషన్ చేసిన కుడికాలు చాచిపెట్టి, ఎడమకాలి ఊతంతో అంగుళం అంగుళం మంచం అంచుకి జరిగింది. ఇరవై తొమ్మిదేళ్ళు కదిలే బస్సులో ఏ కమ్మీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు కొట్టిన మనిషి ఆవిడ. డ్రైవరు ఎంత గట్టిగా బ్రేకు వేసినా జనం ఒకరి మీద ఒకరు పడేవాళ్ళు గానీ ఆవిడ పడేది కాదు. రిటైరై నాలుగేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా కండక్టరమ్మే.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి అని లోకాన్నంతా జరిపాను. ఇప్పుడు నన్ను జానెడు జరపడానికి మీరు కావాల్సొచ్చింది," అంది.

ఆయన నవ్వలేదు. ఈమధ్య ఆయన దేనికీ నవ్వడం లేదు.

మంచానికి ఎదురుగా గోడ మీద ఒక అట్ట. దాని నిండా కూతురి చేతిరాత. కాలు మీద కాలు వేయకూడదు. మోకాళ్ళకంటే నడుము కిందికి దిగేలా కూర్చోకూడదు. పాదం లోపలికి తిప్పకూడదు. ముందుకి వంగి కింద పడ్డవి తీయకూడదు. ఆ చివరి మాట కింద ఎర్రసిరాతో రెండు గీతలు. ఆపరేషన్ అయిన అయిదో వారంలో తుంటి కీలు మొదటిసారి జారినప్పుడు ఒకటి గీసింది కూతురు, తొమ్మిదో వారంలో రెండోసారి జారినప్పుడు ఇంకోటి.

అరిగిపోయిన తుంటి తీసేసి లోహపు గుండు, దానికో గిన్నె బిగిస్తారని, మూడు నెలల్లో మెట్లెక్కుతావని మూడేళ్ళు నచ్చజెప్పింది కూతురే. ఆ అమ్మాయి ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్ అయినవాళ్ళని నడిపించడమే ఉద్యోగం. కత్తి పేరు చెబితేనే కండక్టరమ్మకి ఒళ్ళు చల్లబడేది. చివరికి, "నువ్వు బాగుంటుందంటే బాగుంటుందిలే, పద," అని కూతురు పనిచేసే ఆసుపత్రిలోనే, కూతురు దేవుడిలా చూసే పెద్ద డాక్టరు చేతుల్లోనే పడుకుంది.

మొదటిసారి జారినప్పుడు ఏం చేసిందో ఆవిడకి సరిగ్గా గుర్తులేదు. కుర్చీలోంచి లేచింది. లోపల ఏదో టక్కుమంది. మరుక్షణం కాలు పొట్టిదైపోయి, పాదం లోపలికి తిరిగిపోయి, నొప్పికి ప్రాణం గొంతులోకి వచ్చింది. మత్తిచ్చి కీలు ఎక్కించాక కూతురు అడిగింది, "వంగావు కదమ్మా?" అని.

"వంగినట్టు లేదే."

"వంగే ఉంటావు. అలవాటు కదా, నీకే తెలీకుండా వంగుంటావు."

కావచ్చు అనుకుంది. చదువుకున్నది, ఆ పనిలో ఉన్నది. దాని మాట మీద నమ్మకం లేకపోతే ఇంకెవరి మాట మీద ఉంటుంది? రెండోసారి జారాక తొడకి, నడుముకి కలిపి ఒక గట్టి పట్టా తొడిగారు. అప్పటికి బంధువులందరికీ తెలిసిపోయింది, కండక్టరమ్మ చెప్పిన మాట వినదని. ఆవిడ అక్క ఫోన్ చేసి, "చిన్నప్పట్నుంచీ నీకు ఒకచోట కుదురు లేదే. ఆ పిల్లనెందుకు ఇలా ఏడిపిస్తావు," అని అరగంట క్లాసు పీకింది. కండక్టరమ్మ బుద్ధిగా ఊ కొట్టింది. ఫోన్ పెట్టేశాక భర్తని పిలిచి, "నా అజాగ్రత్త వల్ల మీకీ తిప్పలు. ఏమీ అనుకోకండి," అంది. పెళ్ళయ్యాక ఆవిడ ఆయనకి క్షమాపణ చెప్పడం అదే మొదలు. ఆయన తల వంచుకుని, "సర్లే," అని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం పొద్దున కూడా ఎప్పట్లాగే కూతురు వచ్చింది. రెండు వీధుల అవతలే కాపురం. చెప్పులు విప్పుతూనే, "నిన్న పక్కింటివాళ్ళు వచ్చారట. సోఫాలో కూర్చోలేదు కదా?" అంది.

"లేదు తల్లీ. నా సింహాసనంలోనే కూర్చున్నాను," అంది కండక్టరమ్మ, రెండు మెత్తలు వేసి ఎత్తు పెంచిన చెక్కకుర్చీ చూపిస్తూ.

"నవ్వులాట కాదమ్మా. కండరాలు బలపడాలి, అంతే. తొడ బిగించు. పది లెక్కపెట్టు. వదులు."

బిగించింది, లెక్కపెట్టింది, వదిలింది. ఇరవైసార్లు చేయించి, కాలు పక్కకి జరిపించి, గోడ పట్టుకుని నిలబెట్టి, కూతురు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

ఇంకో గంటకి అది జరిగింది. కండక్టరమ్మ ఎత్తుకుర్చీలో కూర్చునుంది. నడుముకి పట్టా బిగించే ఉంది. భర్త ఎదురుగానే ఉన్నాడు. కూతురు నేర్పినట్టే కుడికాలు ముందుకి చాచి, చేతులు కుర్చీ మీద ఆన్చి, వీపు నిటారుగా ఉంచి లేచింది. వంగలేదు. కాలు తిప్పలేదు. అంత శ్రద్ధగా ఆవిడ ఏనాడూ లేవలేదు. లోపల టక్కుమంది. కేక కూడా రాలేదు, అలా వెళ్ళి భర్త భుజం మీద పడింది.

"వంగలేదండీ," అంది పళ్ళ బిగువున. "మీరు చూశారుగా. నేను వంగలేదు."

ఆయన ఆవిడని పట్టుకుని అలాగే నేల మీదికి దించి, అంబులెన్సుకి ఫోన్ చేసి, బీరువాలోంచి చేతికందిన ఫైలు మొత్తం పట్టుకుని బయల్దేరాడు.

ఆదివారం కావడంతో కూతురి ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటరు మూసేసి ఉంది. అంబులెన్సు వాళ్ళు ఇంకో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. మత్తిచ్చారు. కళ్ళు తెరిచేసరికి కీలు చోటికి చేరింది, నొప్పి తగ్గింది, మంచం పక్కన ఒక డాక్టరమ్మ ఎక్స్‌రేలు దీపానికి ఎదురుగా పెట్టి చూస్తోంది. నలభై ఏళ్ళుంటాయి, సన్నగా, అలిసిపోయిన మొహంతో ఉంది. భర్త మందుల కోసం కిందికి వెళ్ళాడు.

"ఇది మూడోసారి కదమ్మా. ఇంకా ఎందుకు ఆగారు?" అంది డాక్టరమ్మ.

"దేనికి ఆగామమ్మా?"

"మళ్ళీ ఆపరేషన్ చేసి సరిచేయించుకోవడానికి. మొదటిసారి జారినప్పుడే స్కాన్ తీశారుగా. ఇదిగో, ఇందులో రాసే ఉంది. గిన్నె వెనక్కి తిరిగి కూర్చుంది, సరిచేయాల్సి రావచ్చు, కుటుంబసభ్యులకి వివరించాం అని. మీ అమ్మాయి సంతకం కూడా ఉంది."

కండక్టరమ్మ చెయ్యి చాపింది. కాగితం అందుకుంది. అందులో మాటలు సగం అర్థం కాలేదు గానీ కింద సంతకం అర్థమైంది. ఆ సంతకంలో చివరి సున్నా అలా పెద్దగా చుట్టడం ఆవిడే నేర్పింది, కూతురు హైస్కూల్లో ఉన్నప్పుడు.

"అంటే, నేను వంగడం వల్ల కాదా?"

డాక్టరమ్మ ఎక్స్‌రే దించి ఆవిడ మొహంలోకి చూసింది. విషయం ఆవిడకి అప్పుడే తెలుస్తోందని అర్థమైనట్టుంది. స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది.

"చూడండమ్మా. గుండు గిన్నెలో కూర్చోవాలి. ఆ గిన్నె మూతి సరైన వైపు ఉంటే మీరు కాస్త అటూ ఇటూ అయినా గుండు బయటికి రాదు. మీకు బిగించిన గిన్నె వెనక్కి తిరిగి ఉంది. కుర్చీలోంచి లేచినా చాలు, గుండు వెనకనించి జారిపోతుంది. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇది జరిగేదే. ఇందులో మీ తప్పేమీ లేదు."

"ఇంకోసారి చెప్పండమ్మా."

"మీ తప్పేమీ లేదు."

ఎనిమిది వారాలుగా ఎవరి నోటా వినని మాట. పరాయి మనిషి నోట విన్నది. కండక్టరమ్మ కాగితం నాలుగు మడతలు పెట్టి దిండు కింద పెట్టుకుంది.

అరగంటకి కూతురు పరిగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు చెదిరి ఉంది, ఊపిరి అందడం లేదు. వచ్చీ రాగానే, "ఏం చేశావమ్మా?" అంది.

కండక్టరమ్మ దాని వంక చూసింది. టికెట్ లేకుండా బస్సెక్కినవాళ్ళని ఆవిడ ఎప్పుడూ వెంటనే పట్టుకునేది కాదు. ఒకసారి అడిగేది, కాస్త ఆగి మళ్ళీ అడిగేది. రెండోసారి అడిగినప్పుడు నిజం చెప్పినవాడిని ఏమీ అనేది కాదు.

"ఏం చేశానంటావు?" అంది మెల్లగా.

"ముందుకి వంగి లేచుంటావు. ఎన్నిసార్లు చెప్పాను."

"వంగడం వల్లే జారిందంటావా?"

కూతురు కిటికీ వైపు చూసింది. టికెట్ లేనివాళ్ళు చూసేది కూడా అటే.

"ఇంకేముంటుందమ్మా," అంది.

కండక్టరమ్మ కళ్ళు మూసుకుంది. మర్నాడు ఇంటికి పంపేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. మత్తు వదల్లేదేమో అనుకున్నారు తండ్రీ కూతుళ్ళు.

ఇంటికొచ్చిన మర్నాటి ఉదయం కూతురు ఎప్పట్లాగే వ్యాయామం చేయించడానికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. "తొడ బిగించమ్మా," అని మోకాలి మీద చెయ్యి వేసింది.

"చెయ్యి తియ్యి."

"ఏంటి?"

"నా కాలి మీంచి చెయ్యి తియ్యమన్నాను."

ఆసుపత్రి నించి వెంట తెచ్చుకున్న కాగితం దిండు కింద నించి తీసి దుప్పటి మీద పరిచింది. కూతురు చదవాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"అమ్మా, నేను చెప్పేది..."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటిసారి జారినప్పటి నుంచి."

"అంటే ఎనిమిది వారాలు. రోజూ పొద్దున ఇదే మంచం మీద కూర్చుని, వంగావా, తిప్పావా, సోఫాలో కూర్చున్నావా అని దొంగని అడిగినట్టు అడిగావు. నేను వంగలేదన్న ప్రతిసారీ నువ్వు వంగావన్నావు. నాకే అనుమానం వచ్చింది, నా బుర్ర పని చేయడం లేదేమోనని. నాకు తెలీకుండానే నేను ఏవో చేసేస్తున్నానని భయపడ్డాను. బాత్రూంకి వెళ్ళాలంటే భయం. తుమ్మాలంటే భయం. అది నీకు తెలుసు."

"పెద్ద డాక్టరు గారు ఆగి చూద్దామన్నారమ్మా. కండరాలు బలపడితే నిలబడొచ్చు, అందరికీ మళ్ళీ ఆపరేషన్ అక్కర్లేదన్నారు. నేను నమ్మాను."

"నమ్మావు, బాగుంది. ఆ మాట నాకెందుకు చెప్పలేదు?"

కూతురు కాగితం అంచు మడతపెడుతూ కూర్చుంది.

"ఆయన ఆగి చూద్దామన్నది కాలు గురించి. వంగావు, వంగావు అని నా నెత్తిన వేయమని కూడా ఆయనే చెప్పాడా?"

"లేదు," అంది కూతురు. "ఆయన అనలేదు. అది నేనే అన్నాను. మొదటిసారి నోటికొచ్చేసింది. తర్వాత వెనక్కి తీసుకోలేకపోయాను. నిన్ను అక్కడికి తీసుకెళ్ళింది నేను. మూడేళ్ళు వద్దన్నదాన్ని బతిమాలి ఒప్పించింది నేను. తప్పు అక్కడ జరిగిందంటే నేనే చేసినట్టుంది. నువ్వు వంగావనుకుంటే కాస్త ఊపిరాడేది."

"నీకు ఊపిరాడటానికి నా పీక నొక్కావన్నమాట."

గుమ్మం దగ్గర అలికిడైంది. వాచీలాయన నిలబడి ఉన్నాడు, చేతిలో విప్పిన గడియారం. ఆయన మొహం చూడగానే కండక్టరమ్మకి ఇంకో సంగతి అర్థమైంది. ఇంతసేపూ ఆవిడ మనసులోకి రానిది, రానివ్వనిది.

"మీకూ తెలుసా?"

ఆయన గడియారం వంక చూశాడు.

"మిమ్మల్నే. మీకూ తెలుసా?"

"తెలుసు," అన్నాడు. "రెండోసారి జారాక చెప్పింది. మళ్ళీ కోత అంటే నువ్వు ఒప్పుకోవు, ఇంక కుర్చీలోనే ఉండిపోతావని, నాలుగు వారాలు చూద్దామంది. నేను సరేనన్నాను."

"నేను మీకు క్షమాపణ చెప్పుకున్నాను. నా అజాగ్రత్త వల్ల మీకు తిప్పలని. అప్పటికి తెలుసా?"

ఆయన చేతిలో గడియారం కిందికి దించాడు. "తెలుసు."

"సర్లే అన్నారు."

"అన్నాను."

కూతురు చేసింది గుండెకి తగిలింది గానీ, ఆ "సర్లే" ఎక్కడ తగిలిందో ఆవిడకే తెలీలేదు. ఆ ఇంట్లో ఆవిడ తప్పు చేశానని కుమిలిపోతుంటే ఇద్దరు మనుషులు తలుపు అవతల నిలబడి చూశారు. ఇద్దరూ ఆవిడ మనుషులే.

"ఇద్దరూ బయటికి వెళ్ళండి," అంది. "నేను పిలిచేదాకా నువ్వు ఈ గదిలోకి రాకు. మీరు పట్టీలు విప్పండి, అన్నం పెట్టండి, తప్పదు గనక. మాటలొద్దు."

తొమ్మిది రోజులు ఆ ఇంట్లో గడియారాలే మాట్లాడాయి. కూతురు రోజూ వచ్చి ముందుగదిలో కూర్చుని వెళ్ళేది. వాచీలాయన దిండు కట్టేవాడు, విప్పేవాడు. కండక్టరమ్మ తొడ బిగించడం, పది లెక్కపెట్టడం తనంతట తనే చేసుకునేది. ఆపేస్తే ఎవరి మీద కక్ష సాధించినట్టు? కాలు తనదే.

పదో రోజు ఆ పెద్దాసుపత్రి డాక్టరమ్మకి తనే ఫోన్ చేసి సమయం అడిగింది. తర్వాత తన బస్సుని పదకొండేళ్ళు నడిపిన పాత డ్రైవరుకి ఫోన్ చేసింది. ఆయన అల్లుడి కారు వేసుకుని వచ్చాడు. ముందు సీటు వెనక్కి వాల్చి, మెత్తలు వేసి, ఆవిడని గాజుబొమ్మలా ఎక్కించాడు. వాచీలాయన గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "బావగారు రారా?" అని అడిగాడు.

"రారు. పోనీ."

దారిలో మొత్తం చెప్పింది. డ్రైవరు గుంతల దగ్గర నెమ్మదిగా పోనిస్తూ, మధ్యలో ఒక్క మాట అడ్డు రాకుండా విన్నాడు.

"ఒకసారి నా బండికి స్టీరింగు ఎడమకి లాగేది, గుర్తుందా అక్కా," అన్నాడు చివరికి. "షెడ్డులో వాళ్ళకి తెలుసు. నాకు చెప్పలేదు. నా చేతులే బాలేవనుకుని నెల రోజులు నిద్రపోలేదు. తర్వాత తెలిసింది. ఆ మెకానిక్కుతో నేనింక మాట్లాడలేదు."

"ఇప్పటికీ?"

"ఇప్పటికీ. కాకపోతే వాడు నా కూతురు కాదు కదా."

డాక్టరమ్మ మళ్ళీ స్కాన్ తీయించి, నడిపించి, కాలు పట్టుకుని చూసింది. ఆ గిన్నె తీసి వేరేది సరైన కోణంలో బిగించాలి, గుండు కూడా పెద్దది పెట్టాలి అంది. "మీ కండరాలు మాత్రం చాలా బాగున్నాయి. ఎవరో మంచి చెయ్యి పడింది. అందుకే మూడుసార్లతో ఆగింది, లేకపోతే వారానికోసారి జారేది. ఆపరేషన్ తర్వాత కూడా వాళ్ళచేతే చేయించుకోండి."

తిరిగి వస్తున్నంతసేపూ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. చెడ్డదైతే ఎంత సులువుగా ఉండేది. ఒక చేత్తో కాలు నిలబెట్టి, ఇంకో చేత్తో మనిషిని పడగొట్టింది. రెండూ ఒకే మనిషి చేతులు.

ఇంటికొచ్చేసరికి కూతురు ముందుగదిలోనే ఉంది. ఈ తొమ్మిది రోజుల్లో చిక్కిపోయింది. ఒళ్ళో ఒక కాగితాల కట్ట. "అక్కడ మానేశానమ్మా," అంది లేచి నిలబడి. "నీ ఎక్స్‌రేలు, స్కాన్లు అన్నీ తెచ్చాను. ఏం జరిగిందో తారీకులతో రాశాను. నాకెప్పుడు తెలిసింది, నేనేం దాచాను, అన్నీ. ఆ ఆసుపత్రి మీద ఫిర్యాదు చేస్తానంటే నేనే వచ్చి సాక్ష్యం చెప్తాను."

"ఆ పెద్ద డాక్టరు సంగతి తర్వాత చూద్దాం, ఊరికే వదలను," అంది కండక్టరమ్మ ఎత్తుకుర్చీలో కుదురుకుంటూ. "ముందు నీ సంగతి. నా మాట విననితనం గురించి ఎంతమందికి చెప్పావు?"

కూతురు తల వంచుకుంది. "పెద్దమ్మకి. చిన్నాన్నకి. పక్కింటి ఆంటీకి. నీ డిపో స్నేహితురాలికి."

"వాళ్ళందరికీ ఫోన్ చెయ్యి. ఇక్కడే, నా ఎదురుగా, నాకు వినబడేలా. అప్పుడేం చెప్పావో, నిజమేంటో చెప్పు."

"ఇప్పుడా?"

"ఎనిమిది వారాలు ఆలస్యమైంది. ఇంకా ముహూర్తం చూడాలా?"

మొదట చిన్నాన్నకి చేసింది. ఆయన, "ఓహో, అలాగా, పోనీలే," అన్నాడు. పక్కింటావిడ గోడ అవతలే ఉంది, ఫోనెత్తి, "అయ్యో, నేను కూడా మీ అమ్మదే తప్పనుకున్నానమ్మా," అంది. డిపో స్నేహితురాలు ఒక్క మాటే అడిగింది, "మీ అమ్మ ఎలా ఉంది," అని. ప్రతిసారీ కూతురు మొదటినించి చెప్పాల్సి వచ్చింది. అమ్మ వంగలేదు, గిన్నె తప్పుగా బిగించారు, నాకు తెలిసి కూడా దాచి అమ్మదే తప్పన్నాను. చెప్పేకొద్దీ గొంతు సన్నబడింది.

నాలుగోది పెద్దమ్మ. ఆవిడ పూర్తిగా విననేలేదు.

"ఏమే, నిన్ను కని పెంచింది ఇందుకా? నీ మాట పట్టుకుని నేను దాన్ని అన్ని మాటలన్నాను. అది నోరెత్తకుండా పడింది. చదువుకున్నావు గదా, సిగ్గు లేదూ? పగవాళ్ళు కూడా చేయరే ఇలాంటి పని. మీ అమ్మ స్థానంలో నేనుంటే నీ మొహం..."

కూతురు ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. అడ్డు చెప్పలేదు, ఫోన్ దూరం జరపలేదు. కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోను కూడా లేదు. అవతలనుంచి మాటలు వడగళ్ళలా పడుతూనే ఉన్నాయి. కండక్టరమ్మ నిమిషంపాటు విన్నది. తను వినాలనుకున్నవే ఆ మాటలు. ఈ తొమ్మిది రోజులూ మనసులో అనుకున్నవీ అవే. కానీ ఇంకొకరి నోట వినలేకపోయింది. అయిదు వారాల కిందట ఇదే గొంతు తనని ఇలాగే కడిగేస్తే, తను ఇలాగే ఊ కొడుతూ కూర్చుంది.

"ఇలా ఇవ్వు," అని చెయ్యి చాపి ఫోన్ తీసుకుంది. "ఇంక చాలే అక్కా."

"చాలేంటే, నువ్వుండు..."

"చాలన్నాను కదా. తప్పు చేసింది, తన నోటితో తనే చెప్పింది. మిగతాది నేనూ నా కూతురూ చూసుకుంటాం. నువ్వు నన్నన్న మాటలకి నాకేమైనా చెప్పాలనుంటే తర్వాత చెయ్యి." ఫోన్ పెట్టేసింది.

కూతురు మెల్లగా వచ్చి కుర్చీ పక్కన నేల మీద చతికిలబడింది. తల్లి ఒళ్ళో తల పెట్టుకోబోయి, కుడికాలు గుర్తొచ్చి ఆగిపోయి, కుర్చీ చేతి మీద నుదురు ఆన్చింది.

"రోజూ పొద్దున గుమ్మం దాకా వచ్చి, ఈరోజు చెప్పేస్తాననుకునేదాన్ని," అంది. "నువ్వు నా మొహం చూసి, వచ్చావా తల్లీ, అనేదానివి. ఇంక నోరు పెగిలేది కాదు. నన్ను క్షమించమ్మా."

"క్షమించడం నాకు ఇప్పుడే రావడం లేదు," అంది కండక్టరమ్మ. "కానీ రేపట్నుంచి తలుపు అవతల కూర్చోకు. లోపలికి రా." చెయ్యి దానంతట అదే కూతురి జుట్టు మీదికి వెళ్ళింది. ఎనిమిది వారాలుగా ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది ఇద్దరికీ.

వాచీలాయనతో అంత తొందరగా కుదర్లేదు. ఆవిడ మాటలు మొదలుపెట్టింది గానీ పొడిపొడిగా. ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు ఒక మధ్యాహ్నం ఆయన కొట్టు మూసేసి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆరోజు నువ్వు ఏమీ అనుకోకండి అన్నాక, బల్ల దగ్గరికెళ్ళి ఒక వాచీ తీశాను," అన్నాడు. "చేతులు ఆడలేదు. ఆ వాచీ ఇప్పటిదాకా బాగుచేయలేకపోయాను. దానికి కావాల్సింది చిన్న స్క్రూ బిగించడమే."

"లేచొచ్చి నాకు చెప్పడానికి ఎంతసేపు పట్టేది?"

"నీకు చెబితే నువ్వు ఆపరేషన్ వద్దంటావని అది భయపడింది. నాకు ఆ భయం లేదు. నువ్వు ఒప్పుకుంటావేమోనని నా భయం. మొదటిసారి నిన్ను లోపలికి తీసుకెళ్ళినప్పుడు ఆ నాలుగు గంటలు నేనెలా ఉన్నానో నాకే తెలుసు. మళ్ళీ అక్కడ కూర్చోలేను అనుకున్నాను. నా పిరికితనానికి నువ్వు పడ్డావు."

ఆవిడ ఆయన్ని చూసింది. ఇంత పొడుగు మాట ఆయన జీవితంలో మాట్లాడలేదు.

"ఎల్లుండి కూర్చోవాలి మళ్ళీ," అంది.

"కూర్చుంటాను."

"నన్ను లోపలికి తీసుకెళ్ళాక డాక్టర్లు ఏం చెప్పినా, మంచైనా చెడైనా, కళ్ళు తెరవగానే నాకు చెప్పాలి. మీ నోటితోనే."

"చెప్తాను."

చెప్పాడు కూడా. కండక్టరమ్మకి మత్తు వదిలేసరికి ఆయన మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. "పాత గిన్నె తీసేశారు. కొత్తది సరిగ్గా కూర్చుందట. నెత్తురు కాస్త ఎక్కువ పోయింది, ఒక సీసా ఎక్కించారు. ఇంకేమీ లేదు. నా దగ్గర ఇంకేమీ లేదు," అన్నాడు గుక్క తిప్పుకోకుండా, అప్పజెప్పేసినట్టు.

మర్నాడు ఉదయం నిలబెట్టడానికి కూతురు వచ్చింది. డాక్టరమ్మ ఒప్పుకుంది, ఆసుపత్రి ఫిజియో పక్కన ఉంటుంది గానీ చేయించేది కూతురే అని. మంచం తల ఎత్తారు. కండక్టరమ్మ కాళ్ళు కిందికి దించి, నేల మీద పాదాలు ఆన్చి, నడిచే ఫ్రేము పట్టుకుంది. మూడుసార్లు విన్న ఆ టక్కుమనే చప్పుడు చెవుల్లోనే ఉంది.

కూతురు ఎదురుగా నిలబడింది కానీ వెంటనే లెమ్మనలేదు.

"అమ్మా, ముందు ఒక మాట చెప్పాలి," అంది. "డాక్టరమ్మని అడిగాను. ఇలా మళ్ళీ చేసినవాళ్ళలో వందకి పదిమందికి మళ్ళీ జారొచ్చట. నీది బాగా వచ్చింది, కండరాలు బాగున్నాయి, జారదనే అనుకుంటున్నాం. కానీ జారదు అని మాత్రం నేను చెప్పలేను."

పక్కనున్న ఫిజియో కంగారుగా చూసింది, ఇప్పుడా ఈ మాటలు అన్నట్టు.

కండక్టరమ్మ కూతురి మొహం చూసింది. అది కిటికీ వైపు చూడటం లేదు. కళ్ళనిండా నీళ్ళున్నా సూటిగా తల్లి కళ్ళలోకే చూస్తోంది. ఎన్నో వారాల తర్వాత కండక్టరమ్మకి భయం కాస్త సడలినట్టనిపించింది. వందకి పదిమంది అన్న మాట విన్నాక సడలడమేమిటో ఆవిడకే ఆశ్చర్యం వేసింది.

"జారితే?" అంది.

"జారితే, ఎందుకు జారిందో మొదట నీకే చెప్తాను."

కండక్టరమ్మ ఫ్రేము మీంచి ఒక చెయ్యి తీసి ముందుకి చాచింది.

"అయితే పట్టుకో," అంది. "లేస్తున్నాను."